లీవ్ సొరుగు

నాన్న పోయిన నాలుగో నెలలో నిఘంటువు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది పెద్దాయన. ఆయన అక్కడ ప్రధాన సంపాదకుడు. పేరు పెట్టి పిలవగల వయసువాళ్ళు ఆ ఆఫీసులో ఎవరూ మిగల్లేదు కాబట్టి అందరికీ పెద్దాయనే.

"అమ్మాయ్, మీ నాన్న సొరుగు నువ్వొకసారి చూడాలి. ఆ చేతిరాత మాకెవరికీ కొరుకుడు పడటం లేదు. నెల రోజుల్లో అచ్చుకి ఇవ్వకపోతే ఈ సంపుటం నా బతుకులో రాదు," అన్నారు.

నాన్న చేతిరాత సంగతి నాకు తెలుసు. బారుగా పోతున్న చీమలు మధ్యలో తగువు పడి విడిపోయినట్టు ఉంటుంది. దాన్ని తడుముకోకుండా చదవగలిగింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. పైగా నా పనీ అలాంటిదే. ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. పొద్దస్తమానం పరాయివాళ్ళ తప్పులు ఏరుతూ కూర్చునే మనిషికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? పెద్దాయన మీద కూడా కాసేపు విసుక్కున్నాను. ఆ తర్వాత ప్రెస్సులో సెలవు అడిగి వెళ్ళాను.

వాళ్ళు వేస్తున్నది ఇంగ్లీషు నుంచి తెలుగుకి పెద్ద నిఘంటువు. మిగతా అక్షరాలు ఒకదాని వెనక ఒకటి అచ్చయి బయటికొచ్చేశాయి. ఎల్ దగ్గర మాత్రం బండి కదలనని మొరాయించింది. దాన్ని ఆపింది మా నాన్న. ఆయన్ని ఆపింది ఒకే ఒక్క క్రియ, లీవ్. పంతొమ్మిదేళ్ళు దాని మీదే కూర్చున్నాడు.

లీవ్ అనగానే మనవాళ్ళకు సెలవు చీటీ గుర్తొస్తుంది. క్రియగా దాని వేషాలు వేరు. ఇల్లు విడిచి వెళ్ళడం లీవ్. బండి బయల్దేరడం లీవ్. కంచంలో సగం తిండి మిగల్చడం లీవ్. సంచీ ఎక్కడో మరిచిపోవడం లీవ్. మొగుడు పెళ్ళాన్ని వదిలేయడం లీవ్. ఆ పని నాకొదిలెయ్ అని భరోసా ఇవ్వడమూ లీవే. తొమ్మిదిలోంచి అయిదు పోతే నాలుగు మిగలడం, బట్ట మీద మరక ఉండిపోవడం, చచ్చిపోయినవాడికి వెనక ఎవరెవరు ఉన్నారో చెప్పడం, అన్నీ అదే. మన దగ్గర వీటన్నిటికీ ఒక్క మాట సరిపోదు. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టేవాడు కూడా వెళ్తాననడు, వెళ్ళొస్తానంటాడు. "ఒక్క మాటకి ఇంత ఆకలేమిటి నాన్నా?" అని ఒకసారి అడిగాను. "ఆకలి కాదే. దాని దగ్గర ఏదీ నిలవదు. అదీ దాని బాధ," అన్నాడు. అలాంటి మాట అన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఆయనకు అలవాటు.

ఆఫీసు ఒక కళ్ళద్దాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. గోడ పొడవునా చెక్క సొరుగులు, ఒక్కోదానికి ఇత్తడి పిడి. సొరుగుల్లో అరచేయంత కార్డులు, ఒక్కో అర్థానికి ఒక్కో కట్ట, కట్టకొక రబ్బరు బాండు. నాకు పని నేర్పడానికి నాన్న పక్క బల్ల ఆయన వచ్చారు. ఆయన్ని అందరూ కామాగారు అంటారు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటే తప్ప మూడో మాట రాదు ఆయనకి.

"చూడండమ్మా, కార్డు మీద, పైన ఇంగ్లీషు వాక్యం, కింద తెలుగు. కుడివైపు మూలన, ఒక అక్షరం. చ అంటే చదివినది. వి అంటే, ఎవరైనా అంటే విన్నది. క అంటే, మనం కల్పించినది. ఈ మూడే. నాలుగోది లేదు."

"క అని అన్నిటికీ వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదండీ?" అన్నాను.

ఆయన నేనేదో బూతు మాట అన్నట్టు చూశారు. "వాక్యం తప్పయితే, దిద్దుకుంటాం. మూలన అక్షరం అబద్ధమైతే, ఇంక ఈ సొరుగులన్నీ ఎందుకమ్మా? మీ నాన్నగారు, ఒకసారి నలభై కార్డులు చింపేశారు, తనవే. విన్నానో చదివానో, తేలడం లేదని."

కామాగారు వెళ్ళాక నాన్న కుర్చీలో కూర్చుని మొదటి కట్ట విప్పాను. పిల్లవాడు పాలు సగం తాగి గ్లాసు కిటికీలో వదిలేశాడు. మూలన క. తర్వాతది. బాబు చెప్పులు వేసుకోకుండానే ఇల్లు విడిచి వెళ్ళాడు. క. ఇంకొకటి. వాడి ఎర్ర చొక్కా తడిసి మంచం మీద మరక మిగిల్చింది. క.

ఎర్ర చొక్కా, కిటికీలో పాలగ్లాసు. ఈ పిల్లవాడు నాకు తెలుసు. వీడు మా చిన్నోడు, నా తమ్ముడు. పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నాకు ఎనిమిది.

చెప్పాల్సింది చెప్పేస్తాను, లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. ఆ రోజు మబ్బు పట్టింది. పెరట్లో ఆరేసిన బట్టలు తెమ్మని అమ్మ పంపింది. తెచ్చాను. "గడియ పెట్టావా?" అని వంటింట్లోంచి అరిచింది. "పెట్టా," అన్నాను. కాసేపటికి వాన దంచి కొట్టింది. ఇంకాసేపటికి పెరటి తలుపు గాలికి కొట్టుకుంటోంది, చిన్నోడు ఇంట్లో లేడు. పక్క స్థలంలో ఎవరో ఇల్లు మొదలుపెట్టి పునాదికి గుంటలు తవ్వించారు. వాటి నిండా నీళ్ళు. నాన్న ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి వాడిని మంచం మీద పడుకోబెట్టారు.

మా పెద్దమ్మ నా భుజాలు పట్టుకుని, "గడియ పెట్టావా లేదా, నిజం చెప్పు," అంది. పెట్టానన్నాను. మళ్ళీ అడిగింది. పెట్టానన్నాను. అలా ఏడుసార్లు. ఎనిమిదోసారి "ఏమో" అన్నాను. ఆ ఏమో చాలు వాళ్ళకి. ఎవరూ కొట్టలేదు. "చిన్నపిల్ల, దానికేం తెలుసు, వదిలేయండి," అన్నాడు నాన్న, గోడ వైపు తిరిగి.

పెరిగేకొద్దీ నాకూ గుర్తుకు రావడం మొదలైంది. బట్టలు చేతినిండా ఉన్నాయి, తలుపు కాలితో నెట్టాను, గడియ అందుకోలేదు. అంతా స్పష్టంగా, బొమ్మలా కనిపించేది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాకపోతే నేను ఎప్పుడు బయటినుంచి వచ్చినా, నా వెనకే వెళ్ళి గడియ తడిమి చూసేది. టక్ మని ఒక చప్పుడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ చప్పుడు వింటున్నాను. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇప్పటికీ అంతే.

నాకు పిల్లలు లేరు. దేవుడివ్వక కాదు, నేనే వద్దనుకున్నాను. తలుపు వదిలేసే చేతుల్లో పిల్లవాడిని ఎవరు పెడతారు? ఆ మాట మా ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు కాదు, ఇంకా కాదు అంటూ నెట్టుకొచ్చాను. ఆరేళ్ళు అడిగాడు, ఏడో ఏడు అడగడం మానేశాడు, ఎనిమిదో ఏడు వెళ్ళిపోయాడు. ఇప్పుడతనికి ఇద్దరు కూతుళ్ళట. బజారులో ఎదురైతే పలకరిస్తాడు కూడా, మంచివాడు. అతన్ని తప్పు పట్టను.

అందుకే ఆ కార్డులు చూసి నాన్న మీద మండిపోయాను. ఇంట్లో చిన్నోడి పేరెత్తని మనిషి ఇక్కడ కూర్చుని వాడితో వాక్యాలు అల్లాడా? సొరుగు మూసి పారేసి ఇంటికి పోదామనుకున్నాను. పోలేదు. రెండో కట్ట విప్పాను.

మూడు వారాలు కూర్చున్నాను. ప్రతి అర్థంలోనూ వాడే. అందరూ బయల్దేరాక వెనకబడిపోయాడు ఒక కార్డులో. పెన్సిలు అక్కకు వదిలేసి పోయాడు ఇంకో కార్డులో. కార్డుల మీద తేదీలున్నాయి. పంతొమ్మిదేళ్ళ నాటి కార్డులోనూ వాడికి నాలుగేళ్ళే, పోయిన ఏడాది కార్డులోనూ నాలుగేళ్ళే. నాన్న జుట్టు నెరిసింది, చేతిరాత వణికింది, వాడు మాత్రం అదే ఎర్ర చొక్కాలో ఒక కట్టలోంచి ఇంకో కట్టలోకి నడుస్తూనే ఉన్నాడు. చివర్న ఇంకో కట్ట ఉంది. దాని మీద "తిరిగి రావడం" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. లీవ్‌కి అలాంటి అర్థం ఎక్కడా లేదు. ఆ విషయం నాన్నకు తెలియక కాదు. కట్టలో పదహారు కార్డులున్నాయి. పదహారూ ఖాళీ.

పట్టపగలు, నలుగురు మనుషులు పనిచేసే గదిలో, నాకు వెనకనుంచి తడిబట్ట వాసన వచ్చేది. తిరిగి చూస్తే తలుపు తెరిచి ఉండేది. లేచి వెళ్ళి మూసి వచ్చేదాన్ని. కూర్చున్నాక మూశానా అని అనుమానం. మళ్ళీ లేచేదాన్ని. చిన్న పాదాల చప్పుడు సొరుగుల వరస వెంట వెళ్ళి నాన్న బల్ల దగ్గర ఆగేది. ఎవరితో అన్నా పిచ్చి పట్టిందంటారని నోరు మూసుకున్నాను.

"అమ్మా, ఆ తలుపు, మీరొచ్చాక ఈ పూట, ఆరోసారి," అన్నారు కామాగారు.

"లెక్క పెట్టడం తప్ప మీకు పని లేదా?" అని గయ్యిమన్నాను. పాపం, నాలిక కరుచుకుని తన కార్డుల్లో తల దూర్చారు. నాకే సిగ్గేసింది.

ఇరవై మూడో రోజున పద్నాలుగో అర్థం కట్ట తీశాను. ఆర్పాల్సింది ఆర్పకుండా, మూయాల్సింది మూయకుండా అలాగే ఉంచేయడం. అన్నిట్లోకీ లావు కట్ట అది, రెండు బాండ్లు వేసి ఉన్నాయి. మొదట్లో మామూలు వాక్యాలే. దీపం ఆర్పకుండా వదిలేసింది. కుళాయి కట్టేయకుండా వదిలేశారు. ఆ తర్వాత తలుపు వచ్చింది. పెరటి తలుపు తెరిచి వదిలేశారు. మూలన క అని వేసి కొట్టేశాడు. ఎవరో పెరటి తలుపు తెరిచి వదిలేశారు. ఇక్కడా క కొట్టేశాడు. గాలికి తలుపు తెరుచుకుంది. కొట్టేశాడు. అలా ముప్ఫై కార్డుల దాకా, అదే తలుపు.

ఆ తర్వాతి కార్డు తీశాను. పాప పెరటి తలుపు తెరిచి వదిలేసింది. కింద తేదీ. మూలన క. దాన్ని కొట్టేయలేదు. కలం గట్టిగా ఒత్తి వేశాడు, కార్డు వెనక్కి అచ్చు దిగింది.

దాని కిందే ఇంకొకటి. గొడుగు కోసం వెనక్కి వచ్చి, తండ్రి పెరటి తలుపు తెరిచి వదిలేశాడు. మూలన క లేదు, వి లేదు, చ లేదు. జ అని ఉంది.

కార్డు పట్టుకుని కామాగారి బల్ల దగ్గరికి వెళ్ళాను. "నాలుగో అక్షరం లేదన్నారు కదా. ఇదేంటి?"

ఆయన కార్డు అందుకుని చూశారు. "పదేళ్ళ కిందట, మీ నాన్నగారు, కమిటీకి అర్జీ పెట్టారమ్మా. జరిగినది అని, ఇంకో మూలం చేర్చమని. అందరూ నవ్వారు. జరిగిందో లేదో, నిఘంటువుకెందుకయ్యా అని. నేనూ, నవ్వాను." కార్డు నా చేతిలో పెట్టి, "కమిటీ మాట, ఆయన, ఒప్పుకోలేదన్నమాట," అన్నారు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంట్లో నా మొహం చూస్తూ అబద్ధం మోసిన మనిషి, అరచేయంత కార్డు మూలన ఒక్క అక్షరం అబద్ధం వేయలేకపోయాడు. పోనీ అక్షరం వేసినవాడు నాకు చెప్పాడా? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టావమ్మా, గడియ నువ్వు పెట్టావు అని ఒక్కసారి అన్నాడా? ఆ బల్లనీ సొరుగునీ కలిపి కిటికీలోంచి విసిరేయాలనిపించింది. రెండు కార్డులూ పర్సులో పెట్టుకున్నాను. ఆఫీసు సొత్తు బయటికి తీసుకుపోకూడదని గోడ మీద రాసి ఉంది. తీసుకుపోయాను.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. అమ్మ బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. నేను లోపలికి రాగానే లేచింది, నా వెనకే వెళ్ళి గడియ తడిమింది, టక్, వచ్చి కూర్చుంది. నేను చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చుని రెండు కార్డులూ పైకి చదివాను. క అంటే ఏంటో చెప్పాను, జ అంటే ఏంటో చెప్పాను.

అమ్మ చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. "ఆయనకి తెలుసా?" అంది.

నేను ఎదురుచూసిన మాట అది కాదు. ఏమంటున్నావే అంటుందనుకున్నాను, అబద్ధం అంటుందనుకున్నాను. "అమ్మా, నీకు తెలుసా?"

"నిన్ను అడుగుతూనే వంటింటి కిటికీలోంచి చూశా. నువ్వు బట్టలు కుర్చీలో పడేసి, మునివేళ్ళ మీద లేచి గడియ పెట్టావు. అప్పటికి మీ నాన్న వీధి చివరిదాకా వెళ్ళి, చినుకులు పడుతున్నాయని వెనక్కొచ్చారు. గొడుగు పెరట్లో ఆరేసి ఉంది. గడియ తీసి, గొడుగు తీసుకుని, అటే సందులోంచి వెళ్ళిపోయారు."

"మరి నువ్వు?"

"నేనే వెళ్ళి పెట్టాల్సింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. దించి వెళ్దామనుకున్నా." కాయని గిన్నె పక్కన పెట్టింది. "మర్చిపోయా."

వీధిలో ఎవరో స్కూటరు ఆపి హారను కొట్టారు.

"పెద్దమ్మ నన్ను ఏడుసార్లు అడుగుతుంటే నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నా. ఆయనకి తెలీదనుకున్నానే. తలుపు తీసింది తనేనని గుర్తే లేదనుకున్నా. తెలిస్తే ఆ మనిషి బతకరు. ఒకడు పోయాడు, ఈయన కూడా పోతే నిన్ను పెట్టుకుని ఏం చెయ్యను? నువ్వు చిన్నదానివి, నాలుగు రోజుల్లో మర్చిపోతావు అన్నారు అందరూ."

"ఆయనేమో నీకు తెలీదనుకున్నాడు."

"అలాగే ఉంది."

"మర్చిపోతానన్నారు సరే. మరి నా వెనకాల ఆ గడియ ఎందుకు తడిమావమ్మా, ఇన్నేళ్ళు? ఇప్పుడు కూడా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "నీ కోసమనుకున్నావా? నేను పెట్టానా లేదా అని చూసుకుంటానే. నేను పెట్టాల్సిన గడియ కదా అది."

వాళ్ళిద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు, మధ్యలో నన్ను అడ్డం పెట్టుకుని. ఆ కాపలా కూడా ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయనకు ముందే తెలుసు, ఈవిడకు ముందే తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

"నేను పిల్లల్ని ఎందుకు కనలేదో తెలుసా నీకు?" అన్నాను.

అమ్మ తల దించుకుంది. కాదంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను. "తెలుసు. నీ పెళ్ళయిన రెండో ఏట పక్కింటి పసిదాన్ని ఎత్తుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నావు. అప్పుడే తెలిసింది."

"తెలిసీ చెప్పలేదు."

"ప్రతి ఏడూ చెబుదామనే అనుకున్నా. ఆయన ఇంట్లో తిరుగుతుంటే ఎలా చెప్పను? ఆయనున్నంత కాలం వద్దు అనుకున్నా. తర్వాత చెబుదాం అనుకున్నా."

"నాన్న పోయి అయిదో నెలమ్మా."

"అవును." అమ్మ ఒలిచిన బఠాణీలను వేలితో అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది. "అప్పటికే నీకు నలభై ఆరు వచ్చేశాయి కదే," అంది.

ఆ మాట విన్నాక నాకు ఏడుపు వచ్చింది. తమ్ముడి కోసం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏడుస్తూనే ఉన్నాను, అది నాకు అలవాటైన ఏడుపే. ఇది అది కాదు. ఆ మధ్యాహ్నం, అమ్మ ఎదురుగా కూర్చుని, మొదటిసారి నా పిల్లల కోసం ఏడ్చాను.